పెళ్లి హాల్లో ఫ్లాష్ ట్రిగ్గర్: మెనూ లోపలి సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి

కొత్త ట్రిగ్గర్ (కెమెరా నుంచి దూరంగా ఉన్న ఫ్లాష్‌ని రేడియోతో వెలిగించే పరికరం) చేతికి రాగానే దాదాపు అందరం చేసే పని ఒకటే. కెమెరా మీద తగిలించి, ఫ్లాష్‌ని రిసీవర్ మోడ్‌లోకి మార్చి, రెండింట్లో ఛానెల్ ఒకటే ఉందో లేదో చూసి, ఒక ఫోటో కొడతాం. ఫ్లాష్ పడిందంటే సెటప్ అయిపోయినట్టే. ఇంట్లోనో చిన్న స్టూడియోలోనో అయితే ఇది చాలు, ఏళ్ల తరబడి నడిచిపోతుంది. మంచి ముహూర్తాలున్న రోజున ఫంక్షన్ హాల్లోకి అడుగుపెడితే తెలుస్తుంది అసలు సంగతి. మనం నొక్కకుండానే మన ఫ్లాష్ పడుతూ ఉంటుంది, తీరా నొక్కినప్పుడు పడదు. పక్కనున్న టీమ్ వాళ్లదీ అదే గోల.

ఇలాంటప్పుడు ట్రిగ్గర్ పాడైందనుకుని కొత్తది కొనేస్తుంటారు. ముందు మెనూ తెరిచి చూడండి. ఇబ్బంది పెట్టేవి మూడే: ఐడీ, దూరం, షూట్ మోడ్. మిగతావి సౌకర్యం కోసం. ఈ మూడూ పెళ్లికి ముందు రోజే ఇంట్లో కూర్చుని పెట్టుకుంటే, హాల్లో మార్చాల్సింది ఛానెల్ ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడ గోడాక్స్ ఎక్స్‌ప్రో ట్రిగ్గర్ పట్టుకుని చెబుతున్నాను, మన పెళ్లి ఫోటోగ్రాఫర్ల బ్యాగుల్లో ఎక్కువగా కనిపించేది ఆ కంపెనీ సామానే కాబట్టి. ఎక్స్2టీ, ఎక్స్‌ప్రో 2, ఎక్స్3 వాడేవాళ్లకు బటన్లు ఉండే చోటు మారుతుంది గానీ సెట్టింగుల పేర్లు చాలావరకు అవే. వేరే కంపెనీ ట్రిగ్గర్ అయినా పని చేసే పద్ధతి ఒకటే, మెనూలో వెతుక్కోవాలి అంతే.

ఒక మాట ముందే చెప్పాలి. ట్రిగ్గర్ పేరు చివరి అక్షరం మీ కెమెరాకు సరిపోవాలి: సి అంటే కెనాన్, ఎన్ అంటే నికాన్, ఎస్ అంటే సోనీ, ఎఫ్ అంటే ఫ్యూజీ. ఫ్లాష్‌కి ఈ పట్టింపు లేదు. రేడియో రిసీవర్‌గా వాడినంతకాలం కెనాన్ కోసం కొన్న వీ860 2 ఫ్లాష్ సోనీ ట్రిగ్గర్‌తో కూడా టీటీఎల్ (కెమెరాయే కొలిచి ఫ్లాష్ పవర్ తేల్చడం), హెచ్‌ఎస్‌ఎస్ (బాగా వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ వాడటం) రెండూ చేస్తుంది. కెనాన్ నుంచి సోనీకి మారినవాళ్లు పాత ఫ్లాష్‌లు సగం ధరకు అమ్ముకోనక్కర్లేదు.

ముందుగా బ్యాటరీలు, ఫర్మ్‌వేర్

ఎక్స్‌ప్రోలో రెండు ఏఏ సెల్స్ పడతాయి. రెండూ ఒకే రకం, ఒకేసారి ఛార్జ్ చేసినవి వేయండి. ఒకటి కొత్తది, ఇంకోటి టీవీ రిమోట్‌లోంచి తీసింది వేస్తే స్క్రీన్ మామూలుగానే వెలుగుతుంది, సిగ్నల్ మాత్రం మధ్యమధ్యలో తప్పుతుంది. ఇది కనిపెట్టడం కష్టం. కెమెరా బాడీ కొత్తది కొన్నట్టయితే టైప్-సి కేబుల్‌తో ఫర్మ్‌వేర్ (ట్రిగ్గర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా చేసేయండి. కొత్త బాడీ మీద పాత ఫర్మ్‌వేర్ ట్రిగ్గర్ మాన్యువల్‌లో (పవర్ మనమే పెట్టుకునే మోడ్) బాగానే పనిచేస్తూ టీటీఎల్‌లోనో హెచ్‌ఎస్‌ఎస్‌లోనో తిక్క చేయొచ్చు.

మొదటి పని: ఐడీ, ఆ తర్వాతే ఛానెల్

ఈ ట్రిగ్గర్లు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఆ బ్యాండ్ వాడటానికి మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు, అందుకే అందరూ అక్కడే ఉంటారు. హాలు వైఫై, అందరి జేబుల్లోని బ్లూటూత్, వీడియో వాళ్ల కాలర్ మైకుల్లో చాలా రకాలు, కొన్ని డ్రోన్ల రిమోట్లు, పక్క టీమ్ ట్రిగ్గర్లు, అన్నీ ఒకే సందులో తిరుగుతుంటాయి.

ఎక్స్‌ప్రోలో 32 ఛానెళ్లున్నాయి. దానికి తోడు 1 నుంచి 99 వరకు ఐడీ ఉంది. రెండూ ఒకే పని చేస్తాయనుకుంటారు చాలామంది. కాదు. ఛానెల్ అంటే ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుకోవాలన్నది. ఐడీ అంటే ఆ మాట ఎవరిదన్నది. పక్కవాళ్లు మీ ఛానెల్ మీదే ఉన్నా ఐడీ వేరైతే వాళ్ల ట్రిగ్గర్ మీ ఫ్లాష్‌ని కొట్టదు. కానీ ఇద్దరి సిగ్నళ్లూ ఒకే దారిలో ఒకేసారి వస్తే ఢీకొని, మీ ఫ్లాష్ ఒక్కోసారి పడకుండా పోతుంది. కాబట్టి ఎవరో మన ఫ్లాష్ కొడుతుంటే చూడాల్సింది ఐడీ, మన ఫ్లాష్ మనకే పడకపోతే మార్చాల్సింది ఛానెల్. ఈ తేడా తెలిస్తే హాల్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

మెనూ బటన్ నొక్కితే సి.ఎఫ్‌ఎన్ అనే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. అందులో ఐడీ దగ్గరికి వెళ్లండి. డీఫాల్ట్‌గా ఆఫ్ అని ఉంటుంది. మీ బండి నంబరులో చివరి రెండు అంకెలు పెట్టేయండి, మర్చిపోరు. ఆ తర్వాత ప్రతి ఫ్లాష్ మెనూలోకీ వెళ్లి అదే ఐడీ ఇవ్వండి. ట్రిగ్గర్‌లో ఐడీ పెట్టి ఏ ఒక్క ఫ్లాష్‌లో ఆఫ్‌గా వదిలేసినా ఆ ఫ్లాష్ పడదు, దాని తప్పేమీ లేదు.

పాత రిసీవర్లలో కొన్నిటికి అసలు ఐడీ అనేదే ఉండదు. అలాంటిది ఒక్కటి మీ కిట్‌లో ఉన్నా, దాన్ని వాడే రోజు అన్నిట్లో ఐడీ ఆఫ్ చేయాల్సిందే. నన్నడిగితే పెళ్లి పనికి అలాంటి రిసీవర్‌ని పక్కన పెట్టడమే మేలు.

ఛానెల్ మాత్రం ఇంట్లో తేల్చుకునేది కాదు. ఎక్స్‌ప్రో సి.ఎఫ్‌ఎన్‌లో స్కాన్ అని ఉంటుంది. దాన్ని స్టార్ట్ మీద పెట్టి సెట్ నొక్కితే 0 నుంచి 100 శాతం దాకా తిరిగి, ఖాళీగా ఉన్న ఎనిమిది ఛానెళ్లు చూపిస్తుంది. దీన్ని హాల్లోనే చేయాలి. అదీ వీడియో వాళ్లు మైకులు ఆన్ చేశాక, పక్క టీమ్ లైట్లు పెట్టుకున్నాక. పొద్దున్నే ఖాళీ హాల్లో స్కాన్ చేస్తే అన్నీ ఖాళీగానే కనిపిస్తాయి, దానివల్ల లాభం లేదు. ఛానెల్ మారిస్తే ప్రతి లైట్‌లోనూ మార్చాలి కాబట్టి, లైట్లు పదడుగుల స్టాండ్ ఎక్కకముందే ఈ పని ముగించండి. స్టాండ్ దింపి మళ్లీ ఎక్కించేసరికి గౌరీపూజ అయిపోతుంది.

స్కాన్ లేని ట్రిగ్గర్ అయితే ఒకటి నుంచి దూరంగా వెళ్లండి. పెట్టెలోంచి తీసిన ట్రిగ్గర్‌ని అలాగే వాడేవాళ్లంతా ఛానెల్ 1 మీదే ఉంటారు.

రెండో పని: దూరం

సి.ఎఫ్‌ఎన్‌లో డిస్ట్ అని ఒక సెట్టింగ్ ఉంది. రెండే ఆప్షన్లు: 1-100 మీటర్లు, 0-30 మీటర్లు. ఎక్కువ దూరం ఉంటే మంచిదే కదా అని అందరూ 100 దగ్గరే వదిలేస్తారు. తిప్పలు అక్కడే మొదలవుతాయి.

మన పెళ్లిళ్లలో లైట్ ఎక్కడ ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జీలకర్ర బెల్లం సమయానికి మండపం చుట్టూ బంధువులు గుమిగూడి ఉంటారు. స్టాండ్ పెట్టే చోటుండదు. అసిస్టెంట్ కుర్రాడు మోనోపాడ్‌కి ఫ్లాష్ బిగించి, మన భుజం పక్కనే నిలబడి, చెయ్యి పైకెత్తి పట్టుకుంటాడు. ట్రిగ్గర్‌కీ ఫ్లాష్‌కీ మధ్య రెండు జానల దూరం కూడా ఉండదు. 1-100 మీద ఉన్నప్పుడు అంత దగ్గర నుంచి వచ్చే బలమైన సిగ్నల్‌ని రిసీవర్ సరిగ్గా అందుకోలేదు. సరిగ్గా ఆ రెండు చేతులూ తలల మీదికి వెళ్లే క్షణంలో ఫ్లాష్ పడదు. అదే ఫ్లాష్ హాలు చివరన పెడితే బ్రహ్మాండంగా పడుతుంది. అందుకే దీన్ని ఎవరూ అనుమానించరు.

0-30 మీద పెట్టండి. మామూలు కళ్యాణ మండపంలో స్టేజీ నుంచి వెనక గోడ దాకా 30 మీటర్లు దాటడం అరుదు. పెద్ద కన్వెన్షన్ హాల్లో రిసెప్షన్‌కి వెనక మూల నుంచి బ్యాక్‌లైట్ కొట్టాలంటే అప్పుడు 1-100కి మార్చుకోవచ్చు, కానీ ఆ రోజు చేతి పక్కన వేరే ఫ్లాష్ పెట్టుకోకండి.

దూరం ఎంత పెట్టినా మనుషుల సంగతి మర్చిపోకూడదు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని నీరు బాగా పీల్చేస్తుంది. ఛాతీ ఎత్తులో పెట్టిన ఫ్లాష్‌కీ మీకూ మధ్య యాభై మంది నిలబడితే దారి మూసుకుపోయినట్టే. తలల కంటే పైన పెట్టండి. డెకరేషన్ వాళ్ల ఇనుప ఫ్రేముకీ ఎల్‌ఈడీ వాల్‌కీ ఆనించి పెట్టకండి.

మూడో పని: షూట్ మోడ్

దీన్ని తెరిచి చూసేవాళ్లు చాలా తక్కువ. మూడు ఆప్షన్లుంటాయి: వన్-షూట్, ఆల్-షూట్స్, ఎల్-858. చివరిది సెకోనిక్ ఎల్-858 లైట్ మీటర్ ఉన్నవాళ్లకు, దాన్ని వదిలేయండి.

వన్-షూట్‌లో ఉంటే మాన్యువల్ మోడ్‌లో షట్టర్ నొక్కినప్పుడు ట్రిగ్గర్ పడమని మాత్రమే చెబుతుంది. పవర్ ఎంత, జూమ్ ఎంత అన్నది మీరు డయల్ తిప్పినప్పుడే వెళ్లిపోయి ఉంటుంది. బ్యాటరీ తక్కువ తింటుంది. ఒక్కరే తీస్తుంటే ఇదే పెట్టుకోండి.

ఆల్-షూట్స్‌లో నొక్కిన ప్రతిసారీ పవర్ వివరాలతో సహా పంపుతుంది. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కానీ ఒకే లైట్లను ఇద్దరు వాడుతుంటే ఇది తప్పనిసరి. ఉదాహరణకి, లైట్లను విడివిడిగా నడపడానికి ఎ (A), బి (B), సి (C) అని గ్రూపులుగా పెడతాం కదా, స్టేజీ వెనక బ్యాక్‌లైట్ 'ఎ' గ్రూపులో ఉందనుకోండి. ట్రెడిషనల్ తీసే అన్నకి అది 1/4 కావాలి, క్యాండిడ్ తీసే తమ్ముడికి 1/16 చాలు. ఇద్దరూ వన్-షూట్‌లో ఉంటే చివరగా డయల్ తిప్పినవాళ్ల పవరే ఇద్దరికీ పడుతుంది. అన్న ఫోటోలు ఉన్నట్టుండి చీకటైపోతాయి, అన్న తమ్ముడి మీద విసుక్కుంటాడు. రెండు ట్రిగ్గర్లలో ఒకే ఛానెల్, ఒకే ఐడీ పెట్టి, రెండింట్లోనూ ఆల్-షూట్స్ పెడితే ఎవరు నొక్కితే వాళ్ల పవర్ పడుతుంది.

ఇద్దరికీ అన్ని లైట్లూ అక్కర్లేదు కూడా. ట్రిగ్గర్‌లో ఆ గ్రూపు బటన్ నొక్కి, మోడ్ బటన్‌తో టీటీఎల్, ఎం దాటి రెండు గీతలు వచ్చేదాకా వెళ్తే ఆ గ్రూపు మీకు ఆఫ్. అన్నకి ఎ, బి. తమ్ముడికి ఎ, సి. 'ఎ' ఉమ్మడి. ఇదంతా పెళ్లికి ముందు రోజు ఫోన్‌లో మాట్లాడుకుంటే ఐదు నిమిషాల పని, హాల్లో పెట్టుకుంటే గొడవ.

ఒక లైట్‌ని ఇద్దరు కొడుతున్నప్పుడు రీసైకిల్ టైమ్ కూడా ఇద్దరిదీ ఒకటే అవుతుంది. గోడాక్స్ వాళ్ల పెద్ద ఫ్లాష్ ఏడీ200 ఫుల్ పవర్ మీద మళ్లీ నిండటానికి సుమారు 2 సెకన్లు తీసుకుంటుంది. మీ తమ్ముడు కొట్టిన వెంటనే మీరు కొడితే ఖాళీయే. పవర్ 1/8 కంటే పైకి వెళ్లకుండా ఐఎస్‌ఓ పెంచుకోవడం నయం.

టీటీఎల్ ఎప్పుడు, మాన్యువల్ ఎప్పుడు

నడుస్తూ తీసే చోట్ల, అంటే ఎదురుకోలు, ఊరేగింపు, భోజనాల దగ్గర టీటీఎల్ బాగుంటుంది. మండపంలో మాత్రం మాన్యువలే. కారణం మధుపర్కాలు. తెల్ల పంచె, ఎర్రంచు తెల్ల చీర ఫ్రేమంతా నిండగానే, మీటర్ అబ్బో ఎంత వెలుతురో అనుకుని ఫ్లాష్ తగ్గించేస్తుంది. బట్టలు బూడిద రంగులోకి, ముఖాలు నలుపులోకి వెళ్తాయి. వెంటనే వెనకనున్న నల్ల సూటు మామయ్య ఫ్రేములోకి వస్తే ఈసారి ఎక్కువ కొడుతుంది. ఒకే తలంబ్రాల వరుసలో పది రకాల ఎక్స్‌పోజర్లు వస్తే ఎడిటింగ్‌లో కూర్చున్నవాడికి శిక్ష.

రెండింటికీ మధ్య దారి టీసీఎం బటన్. టీటీఎల్‌లో ఒక ఫోటో కొట్టి, బాగుందనిపిస్తే టీసీఎం నొక్కండి. టీటీఎల్ ఇచ్చిన ఆ వెలుతురుని మాన్యువల్ పవర్‌గా మార్చి స్క్రీన్ మీద పెడుతుంది. అక్కడి నుంచి మీరు కాస్త అటూ ఇటూ తిప్పుకోవచ్చు. షరతు ఒకటుంది: మీరు వాడే లైట్ ఏదో సి.ఎఫ్‌ఎన్‌లోని టీసీఎంలో ముందే ఎంచుకోవాలి. 200 వాట్-సెకన్ల ఏడీ200 వాడుతూ అక్కడ 76 వాట్-సెకన్ల వీ860 పెడితే లెక్క తప్పుతుంది. రెండు రకాల లైట్లు కలిపి వాడుతున్నప్పుడు టీసీఎం మీద ఆధారపడకండి.

పక్కనే స్టెప్ అనే సెట్టింగ్ ఉంటుంది. అతి తక్కువ పవర్ 1/128 లేదా 1/256, ఒక్కో అంగ 0.3 లేదా 0.1. పెళ్లికి 0.3 చాలు. 0.1 పెడితే ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు లేదా సగం) మారడానికి డయల్ పదిసార్లు తిప్పాలి, అంతసేపు పురోహితుడు ఆగడు. మీ ఫ్లాష్‌లో 1/256 లేకపోతే ట్రిగ్గర్‌లో 1/128 దగ్గరే ఆపండి.

షట్టర్ వేగం, నల్ల పట్టీ

ఫోటోలో ఒక అంచున నల్లగా పట్టీ వస్తే షట్టర్ సింక్ వేగం (ఫ్లాష్‌తో మామూలుగా వాడగలిగే అత్యధిక షట్టర్ వేగం) దాటిందని అర్థం. అంతకంటే వేగంగా వెళ్తే సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, ఒక సన్నని సందు కిందికి జరుగుతూ పోతుంది. ఫ్లాష్ వెలిగిన క్షణంలో మూసి ఉన్న భాగం నల్లగా మిగులుతుంది. సింక్ వేగం బాడీని బట్టి మారుతుంది: కెనాన్ 6డీకి 1/180, 5డీ మార్క్ 4కి 1/200, సోనీ ఏ7 3కి 1/250. ఇద్దరు వేర్వేరు బాడీలతో ఒకే లైట్లు వాడుతుంటే ఎవరి హద్దు వాళ్లు తెలుసుకోవాలి. అన్నకి 1/250 పనిచేసింది కదా అని తమ్ముడు 6డీలో అదే పెడితే పట్టీ ఖాయం.

హద్దు దాటాలంటే హెచ్‌ఎస్‌ఎస్ ఆన్ చేయాలి. సోనీకి, ఫ్యూజీకి ట్రిగ్గర్ మీదున్న సింక్ బటన్‌తో వస్తుంది. కెనాన్‌కీ ట్రిగ్గర్ మీదే మార్చుకోవచ్చు. నికాన్‌లో కెమెరా మెనూలోని ఫ్లాష్ సింక్ స్పీడ్‌ని ఆటో ఎఫ్‌పి మీద పెట్టాలి, ట్రిగ్గర్‌లో ఎంత వెతికినా దొరకదు. నికాన్ వాడేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

హెచ్‌ఎస్‌ఎస్‌లో ఫ్లాష్ ఒక్కసారి గట్టిగా కాకుండా చిన్న చిన్న మెరుపులుగా షట్టర్ నడిచినంతసేపూ వెలుగుతుంది. అందుకని పవర్ బాగా పడిపోతుంది, రెండు స్టాప్‌ల పైమాటే అనుకోండి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట హల్దీకి ఎఫ్/2 పెట్టి తీయాలంటే ఒక్క స్పీడ్‌లైట్ సరిపోదు. ఏడీ200 లాంటిది దగ్గరగా తెచ్చుకోవాలి. హాలు లోపల హెచ్‌ఎస్‌ఎస్ అవసరమే లేదు, ఆపేయండి. బరాత్‌లో డాన్సుల వెనక లైట్ల గీతలు కావాలంటే నెమ్మదైన షట్టర్‌తో రియర్ కర్టెన్ (షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ పడే మోడ్) పెట్టుకోండి. సోనీలో అది కెమెరా మెనూలోంచి వస్తుంది.

మిగతావి

బీప్ ఆఫ్ చేయండి. మంగళసూత్ర ధారణ వీడియోలో ఫ్లాష్ కూతలు రికార్డయితే వీడియో వాళ్లు మళ్లీ మీతో పని చేయరు. స్క్రీన్ లైట్ 12 సెకన్ల మీద ఉంచితే చాలు. స్టాండ్‌బై ట్రిగ్గర్‌లో 30 నిమిషాలు పెట్టండి, ఫ్లాష్‌లలో ఉన్నంతలో ఎక్కువ సమయం పెట్టండి. ఎత్తున ఉన్న లైట్ నిద్రపోతే లేపడానికి నిచ్చెన వెతకాలి. 2.5 ఎంఎం పోర్టుకు ఇన్, అవుట్ అని ఉంటుంది, కేబుల్ ఏదీ తగిలించనివాళ్లు దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

పరీక్ష ఇలా చేయండి

ఒక ఫ్లాష్ చేతి పక్కన, ఒకటి ఇంటి అవతలి గదిలో పెట్టండి. ముందు ట్రిగ్గర్ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. రెండూ పడితే రేడియో బాగానే ఉంది. ఒకటే పడితే, పడనిదాని ఛానెల్, ఐడీ, గ్రూపు ఈ వరుసలో చూడండి. చేతి పక్కనున్నది మాత్రమే పడకపోతే డిస్ట్ చూడండి.

టెస్ట్‌కి పడి, షట్టర్‌కి పడకపోతే తప్పు కెమెరా వైపు. సైలెంట్ షూటింగ్ లేదా ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి, ఏ7 3 లాంటి బాడీల్లో అది ఉంటే ఫ్లాష్ పడదు. పూజ జరుగుతుంటే చప్పుడు వద్దని దాన్ని ఆన్ చేసి మర్చిపోతుంటారు. అదీ కాకపోతే ట్రిగ్గర్ హాట్‌షూలోకి (కెమెరా పైన దాన్ని తగిలించే గాడి) చివరిదాకా వెళ్లిందో లేదో చూసి, తీసి, పొడిబట్టతో తుడిచి, మళ్లీ నెట్టి లాక్ తిప్పండి. సోనీ షూలో కాంటాక్టులు చాలా సన్నవి, కొంచెం జరిగినా చాలు.

ఫ్లాష్ పడుతోంది కానీ వ్యూఫైండర్ చీకటిగా ఉందంటే అది ట్రిగ్గర్ సమస్య కాదు. సోనీలో సెట్టింగ్ ఎఫెక్ట్, కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆఫ్ చేయండి.

అన్నీ కుదిరాక ప్రతి ఫ్లాష్ పక్కన చిన్న టేప్ ముక్క అంటించి గ్రూపు, ఐడీ రాసిపెట్టండి. ఛానెల్ రోజూ మారేది కాబట్టి దాన్ని పెన్సిల్‌తో. అసిస్టెంట్ కొత్త కుర్రాడైనా స్టాండ్ దగ్గరే చూసి సరిచేస్తాడు, మండపంలోంచి మీరు సైగలు చేయనక్కర్లేదు.

లైట్లు అద్దెకు తెచ్చుకుంటే, అంతకు ముందు తీసుకెళ్లినవాళ్ల ఐడీ అందులో ఉండిపోయి ఉంటుంది. షాపులోనే మీ ట్రిగ్గర్‌తో కొట్టి చూసి తీసుకోండి. తిరిగిచ్చేటప్పుడు ఐడీ ఆఫ్ చేసి, గ్రూపు 'ఎ' (A) మీద పెట్టి ఇవ్వండి.